ఓ చిన్న బొమ్మ వేసి పెట్టమ్మా

నవంబరు వచ్చిందంటే నా ఫోన్‌కి రెండు రకాల మెసేజ్‌లు మొదలవుతాయి. ఒకటి క్లాస్ వాట్సాప్ గ్రూపులో పడుతుంది: సెమిస్టర్ పరీక్షల టైమ్ టేబుల్, పీడీఎఫ్. రెండోది ఇన్‌స్టాగ్రామ్‌లోనో మెసెంజర్‌లోనో, చాలాసార్లు నేనెప్పుడూ కలవని ఒక కవి దగ్గర్నుంచి. "అమ్మా, నీ బొమ్మలు చూస్తుంటాను, చాలా బావుంటాయి. నా కొత్త పుస్తకానికి ఓ చిన్న బొమ్మ వేసి పెట్టమ్మా. బుక్ ఫెయిర్‌కి తెద్దామని. కాస్త అర్జెంటు."

హైదరాబాద్ బుక్ ఫెయిర్ డిసెంబరులో. విజయవాడ పుస్తక మహోత్సవం జనవరి మొదట్లో. మా కాలేజీ పరీక్షలు ఆ చుట్టుపక్కలే. నేను ఈసీఈ ఫైనలియర్. నాలుగేళ్ళుగా తెలుగు సాహిత్యం సీజనూ నా సప్లీల సీజనూ ఒక్కటే.

ఈ సంగతి ఎవరికి చెప్పుకున్నా వచ్చే జవాబు ఒకటే. "బ్యాలెన్స్ చేసుకోవాలమ్మా." మా హెచ్‌ఓడీ అదే అంటారు, మా నాన్న అదే అంటారు, కవర్ అడిగిన కవిగారూ అదే అంటారు. పొద్దున్నే నాలుగున్నరకి లేచి, నిమ్మకాయ నీళ్ళు తాగి, ఇరవై ఐదు నిమిషాలకోసారి అలారం మోగించుకుంటూ చదువునీ బొమ్మల్నీ ఎలా నడపాలో చూపించే రీల్స్ కూడా అదే అంటాయి. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. కిరాణా కొట్లో తక్కెడ చూసే ఉంటారు. ఒక పళ్ళెంలో బియ్యం, ఇంకో పళ్ళెంలో తూకం రాళ్ళు. ముల్లు సరిచూసేది కొట్టాయన. బియ్యాన్ని పట్టుకుని "నువ్వే సరిచూసుకోవాలమ్మా" అని ఎవరూ అనరు.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. చదువుకుంటూ డిజిటల్ బొమ్మలు వేసే మాలాంటివాళ్ళకి టైమ్ మేనేజ్‌మెంట్ రాక కాదు. కాలేజీ మా ప్రతి గంటనీ లెక్కపెడుతుంది. సాహిత్యం ఒక్క గంటని కూడా లెక్కపెట్టదు. ఆ రెండోదాన్ని లెక్కపెట్టని వాళ్ళలో ఇది చదువుతున్న మీరూ ఉన్నారు. ఈ వ్యాసం పైన ఏదైనా బొమ్మ ఉంటే, అది ఎవరు వేశారో చూశాకే ఇక్కడిదాకా వచ్చారా?

"ఓ చిన్న బొమ్మ" అంటారు కదా, దాని సంగతి చెప్తాను. మాన్యుస్క్రిప్ట్ పీడీఎఫ్ వస్తుంది. చదవాలి. చదవకుండా వేసేవాళ్ళు ఉన్నారు గానీ, ఆ కవర్లు చూడగానే తెలిసిపోతాయి: ఎగిరే పక్షి, ఒంటరి చెట్టు, వెనక సూర్యుడు. చదివాక మూడు నాలుగు చిన్న రఫ్‌లు. అందులో ఒకటి ఆయనకి నచ్చుతుంది, వాళ్ళావిడకి ఇంకోటి నచ్చుతుంది, ముందుమాట రాసిన పెద్దాయనకి ఏదీ నచ్చదు. మళ్ళీ రఫ్‌లు. తర్వాత గీతలు, రంగుల బేస్, నీడలు, టైటిల్ అక్షరాలు. తెలుగులో టైటిల్ అక్షరాలు రాయడం ఒక పెద్ద పని. వత్తులు ఎక్కడ పడతాయో ముందే చూసుకోకపోతే కింద ఉన్న బొమ్మ మొహం మీదకొస్తాయి. చివర్లో ప్రింటర్ ఫోన్. "మేడం, ఫైల్ ఆర్‌జీబీలో ఉంది, సీఎంవైకేలో కావాలి." మారిస్తే నేను రెండు రాత్రులు కూర్చుని తెచ్చిన నీలం కాస్తా తడిసిన సిమెంటు రంగయిపోతుంది. మళ్ళీ మొదలు. వెన్ను ఎంత మందమో పేజీలు తేలేదాకా తెలీదు, పేజీలు ఎప్పటికి తేలతాయో కవికి కూడా తెలీదు. థర్డ్ ఇయర్‌లో ఒక నోట్‌బుక్ పెట్టి గంటలు రాసుకున్నాను. ఒక కవర్‌కి సగటున ఇరవై రెండు గంటలు తేలింది. ఆ ఏడాది వేసినవి తొమ్మిది పనులు. డబ్బులొచ్చింది రెండింటికి.

"నీకేం, ఫోన్‌లో గీసేస్తావుగా" అన్నారొకరు. నేను ఫోన్‌లో గీయను, సెకండ్ హ్యాండ్‌లో కొన్న పెన్ టాబ్లెట్ మీద గీస్తాను. అయినా ఫోన్‌లో గీసినంత మాత్రాన గడియారం ఆగిపోతుందా? కవిగారు కూడా ఫోన్‌లోనే టైప్ చేస్తున్నారు ఈమధ్య. వాళ్ళ కవిత్వం తేలికైపోయిందని నేనెప్పుడన్నా అన్నానా.

ఒక కవర్ కథ చెప్పాలి. పేర్లెందుకు. రెండేళ్ళ క్రితం నవంబరు చివర్లో ఒక కవి అడిగారు. మంచి కవి, ఇప్పటికీ మంచి కవే అంటాను. మొదటి మెసేజ్‌లో "అమ్మా", రెండోదాంట్లో "చెల్లెమ్మా", మూడోరోజుకి "బంగారుతల్లీ". మన భాషలో డబ్బులు ఎగ్గొట్టడానికి చుట్టరికాన్ని మించిన సాధనం లేదు. ఎవరైనా "మేడం, మీ రేటెంత?" అని అడిగితే నేను చెప్పగలను. "చెల్లెమ్మా" అన్నాక అన్నయ్యని రేటు ఎలా అడగను? అడిగితే నేను డబ్బు మనిషిని. మా ఇంట్లో నన్ను పెంచింది అలాగే. పెద్దవాళ్ళు ఏదైనా పని చెప్తే "ఎంతిస్తారు" అనకూడదు. మొహమాటం అనేది గుణం అని నేర్పారు గానీ, అది ఎవరి జేబుకి లాభమో నేర్పలేదు.

తొమ్మిది రాత్రులు పట్టింది. మధ్యలో డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్ పరీక్ష. పుస్తకం వచ్చింది. కవర్ బావుందని ఫేస్‌బుక్‌లో చాలామంది రాశారు. బొమ్మ ఎవరిది అని ఒకాయన కామెంట్‌లో అడిగితే కవిగారు నమస్కారం ఎమోజీ పెట్టారు. పుస్తకం లోపల వివరాల పేజీలో డీటీపీ చేసినవాళ్ళ పేరుంది, ప్రింటింగ్ ప్రెస్ పేరుంది, ప్రతులు దొరికే చోటు ఉంది. నా పేరు లేదు. మర్చిపోయారట. రెండో ముద్రణలో వేస్తామన్నారు.

రెండో ముద్రణ నిజంగానే వచ్చింది. ఈసారి స్టాల్‌కి అడ్డంగా ఒక బ్యానర్ కావాల్సొచ్చి, నా నిలువు బొమ్మని ఏదో ఏఐ టూల్‌లో పెట్టి పక్కలకి సాగదీశారు. బుక్ ఫెయిర్‌లో ఆ బ్యానర్ కింద నిలబడి చూశాను. నేను గీసిన మనిషికి కుడిచేతికి ఆరు వేళ్ళున్నాయి. నా ఫ్రెండ్ ఫొటో తీసి, "నీ పేరు లేకపోవడమే మంచిదైంది" అంది.

ఆ సెమిస్టర్‌లో నా అటెండెన్స్ డెబ్బై ఒకటి. లెక్క తెలియనివాళ్ళకి: మన దగ్గర చాలా ఇంజినీరింగ్ కాలేజీల్లో 75 శాతం ఉండాలి. 65 కీ 75 కీ మధ్య ఉంటే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, ఫీజు కట్టి కండొనేషన్ తెచ్చుకోవాలి. 65 కంటే తగ్గితే డిటెయిన్, అంటే జూనియర్లతో కూర్చోవడం. నాకు నిజంగానే జబ్బు ఉంది. మణికట్టు దగ్గర్నుంచి మోచేతి దాకా లాగుతుండేది, పొద్దున లేస్తే బొటనవేలు వంగేది కాదు. రికార్డులు రాసేదీ ఆ చెయ్యే, బొమ్మలు గీసేదీ ఆ చెయ్యే. ఏ నొప్పి దేనిదో నేనూ చెప్పలేను. (రికార్డు అంటే, అచ్చులో ఉన్న ప్రయోగాన్నే చేత్తో మళ్ళీ రాసి, పెన్సిల్‌తో సర్క్యూట్ వేసి, ఎర్ర పెన్నుతో సంతకం పెట్టించుకునే పుస్తకం. దాన్ని ఎవరూ హాబీ అనరు.) కానీ చెయ్యి నొప్పి అంటే ఆఫీసులో నమ్మరని సీనియర్లు చెప్పారు. వైరల్ ఫీవర్ అని సర్టిఫికెట్ పెట్టాను. ఉన్న నొప్పి చెల్లలేదు, లేని జ్వరం చెల్లింది.

అదే నెలలో నేను కాలేజీకి ఏం చేశానో కూడా చెప్పాలి. టెక్ ఫెస్ట్ పోస్టర్లు నావి. టీషర్ట్ మీద బొమ్మ నాది. నాక్ టీమ్ వస్తోందని మెట్ల పక్క గోడ మీద పెయింటింగ్ వేయించారు. స్కెచ్ నాది, నలుగురం కలిసి నాలుగు రోజులు వేశాం. ఆ నాలుగు రోజులకీ ఆన్ డ్యూటీ ఇస్తామన్నారు. తీరా అడిగితే, స్పోర్ట్స్‌కి ఇచ్చే ఆప్షన్ ఉంది గానీ పెయింటింగ్‌కి సాఫ్ట్‌వేర్‌లో ఆప్షన్ లేదన్నారు. కాలేజీ బ్రోషర్‌లో ఆ గోడ ఫొటో ఉంది. దాని ముందు నవ్వుతూ నిలబడ్డ వాళ్ళెవరూ వేసినవాళ్ళు కాదు.

బ్యాలెన్స్ అంటే ఇదన్నమాట. కాలేజీ నా కళని కాలేజీ పనికి వాడుకుని, అదే కళ వల్ల క్లాసు పోయిందని ఫైన్ వేస్తుంది. సాహిత్యం నా చదువు టైముని వాడుకుని, "చదువు నిర్లక్ష్యం చెయ్యకమ్మా" అని ప్రేమగా చెప్తుంది.

ఇక్కడ తప్పకుండా ఒకరు బాపు గారి పేరు ఎత్తుతారు. "బాపు లా చదివాడమ్మా. చదువూ చదివాడు, బొమ్మలూ గీశాడు." అమ్మాయి అందం చెప్పడానికి కూడా ఒక చిత్రకారుడి పేరు వాడుకునే భాష మనది, బాపు బొమ్మ అని. ఆయన పేరు ఎత్తినందుకు నాకేం బాధ లేదు. కానీ కథ పూర్తిగా చెప్పండి. ఆయన మద్రాసు యూనివర్సిటీలో బీఎల్ పూర్తి చేసింది 1955లో. ఆ ఏడాదే ఆంధ్రపత్రికలో కార్టూనిస్టుగా చేరారు. గీసే చేతికి ఒక ఉద్యోగం ఉంది. చందమామలో శంకర్ గారు 1952లో చేరి దశాబ్దాల పాటు అక్కడే పనిచేశారు. భుజాన శవంతో కత్తి పట్టుకుని నడిచే విక్రమార్కుడు ఆయన గీసినవాడే. ఆయనకి ఒక కుర్చీ ఉంది, ఒక టేబుల్ ఉంది, నెలాఖరుకి జీతం ఉంది. వారపత్రికలు బతికున్న రోజుల్లో కథకి బొమ్మ అంటే ఎంతో కొంత పారితోషికం ఉండేది. తక్కువే అనుకోండి. ఆలస్యంగా వచ్చేదే అనుకోండి. ఇవ్వాలన్న సంగతి మాత్రం ఇచ్చేవాళ్ళకి తెలుసు. మీరు నాకు బాపుని ఆదర్శంగా చూపిస్తున్నారు గానీ, ఆంధ్రపత్రికని మీరు ఆదర్శంగా తీసుకోవడం లేదు.

వెబ్ పత్రికల మిత్రులు దీనికి ఒక జవాబు చెప్తారు, అది అంత తీసిపారేసేది కాదు. "మేమూ ఊరికే చేస్తున్నాం. రచయితలూ ఊరికే రాస్తున్నారు. ఎడిటర్లు సొంత డబ్బులు పెట్టి నడుపుతున్నారు. ఎవరికీ రూపాయి రాని చోట బొమ్మకి మాత్రం ఎక్కణ్ణుంచి తేవాలి?" నిజమే. రాత్రి పదకొండుకి ఆఫీసు కాల్ ముగించుకుని ప్రూఫులు దిద్దే ఎడిటర్లని నేను చూశాను. వాళ్ళంటే గౌరవం ఉంది.

కానీ ఒక్కసారి ఆ బల్ల చుట్టూ ఎవరెవరు కూర్చున్నారో చూడండి. ఎడిటర్‌కి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కథకుడికి బ్యాంకు ఉద్యోగం. విమర్శకుడు లెక్చరర్. అనువాదకురాలు డాలస్‌లో ఉంటుంది. వీళ్ళంతా జీతం వచ్చే పని అయిపోయాక, మిగిలిన టైములో సాహిత్య సేవ చేస్తున్నారు. ఆ బల్ల దగ్గర జీతం లేని మనిషి ఒక్కతే ఉంది, హాస్టల్ మెస్ బిల్లు కట్టాల్సిన మనిషి. "అందరం ఊరికే" అనే మాటలో ఆ "అందరం" అబద్ధం. జీతమున్నవాడు ఊరికే ఇవ్వడం వేరు, లేనివాళ్ళ దగ్గర ఊరికే తీసుకోవడం వేరు. పైగా రచయిత ఊరికే రాసిన కథ రచయితదే. రేపు సంపుటిలో వేసుకుంటాడు, అవార్డుకి పంపుతాడు, బయోడేటాలో రాసుకుంటాడు. ఆ కథకి వేసిన బొమ్మతో నేనేం చేసుకోవాలి?

ఇంకోటి. డబ్బులు అసలే లేవన్నది కూడా నిజం కాదు. డొమైన్‌కి ఏడాదికోసారి కడతారు. హోస్టింగ్ కంపెనీ వాళ్ళకి ఫోన్ చేసి "తమ్ముడూ, ఈ నెలకి ఓ చిన్న సర్వర్ ఇచ్చి పెట్టు" అనరు. పుస్తకం దగ్గరకొస్తే కాగితానికుంది, బైండింగ్‌కుంది, కొరియర్‌కుంది. ఆవిష్కరణ సభ హాలు అద్దెకుంది, ఫ్లెక్సీకుంది, సమోసాలకుంది. వేదిక మీద ఎనిమిది మంది పెద్దలకి ఎనిమిది శాలువాలకుంది. ఒక సభలో నాకూ శాలువా కప్పారు, అది ఇప్పుడు హాస్టల్లో ఇస్త్రీ బట్ట.

సరే, ఇంత గొడవెందుకు, బొమ్మలు మానేసి చదువుకోవచ్చుగా? మా నాన్న ప్రశ్న ఇది. ఆయనకి చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తాను. నాకు బొమ్మలు నేర్పింది ఏ కాలేజీ కాదు. పన్నెండో తరగతి అయిపోయిన ఎండాకాలంలో క్రీటా దించుకున్నాను, అది ఉచితం. తర్వాత ఒక డిస్కార్డ్ సర్వర్‌లో చేరాను. అక్కడ ఇండోనేషియా నుంచి ఒకరు, నేను పెట్టిన ప్రతి చేతి బొమ్మ మీదా ఎర్ర గీతలతో సరిదిద్దేవారు. "మణికట్టు ఇక్కడ తిరగదు, చూసుకో" అని. ఆ మనిషి మొహం నాకు తెలీదు, అసలు పేరు తెలీదు. నేను చేతులు వెయ్యగలుగుతున్నానంటే వాళ్ళ వల్లే. బ్రష్‌లు పంచుకున్నాం, పాలెట్‌లు పంచుకున్నాం, పరీక్ష పోయిన రాత్రి వాయిస్ చాట్‌లో అందరం నోరు మూసుకుని ఎవరి బొమ్మ వాళ్ళు గీసుకున్నాం. అదీ ఊరికే ఇచ్చుకున్నదే. కానీ అక్కడ ఇచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళూ ఒకళ్ళే. ఈరోజు నా బొమ్మ దిద్దినవాళ్ళది రేపు నేను దిద్దుతాను. నా బొమ్మకి బదులు ఏ కవీ నా రికార్డు రాసి పెట్టలేదు.

అలాగని ఆ లోకాన్ని కూడా వెనకేసుకు రాలేను. అక్టోబరు వచ్చిందంటే ఇంక్‌టోబర్. 2009లో జేక్ పార్కర్ అనే ఆర్టిస్టు తన ఇంకు పని మెరుగుపడాలని తనకు తాను పెట్టుకున్న నియమం అది, ముప్ఫై ఒక్క రోజులు ముప్ఫై ఒక్క బొమ్మలు. ఇప్పుడది ప్రపంచమంతా చేసే వ్రతమైంది. మా మిడ్స్ అప్పుడే, దసరా సెలవులూ అప్పుడే. పద్నాలుగో రోజున మానేస్తే ఓడిపోయినట్టు. రాత్రంతా నిద్రపోలేదని గొప్పగా పోస్టు పెట్టుకునేవాళ్ళకి చప్పట్లు కొట్టిన వాళ్ళలో నేనూ ఉన్నాను. పరీక్షలకని పది రోజులు మాయమై వచ్చేసరికి, నా బొమ్మ అంతకుముందు చూసినవాళ్ళలో సగం మందికి కూడా కనపడదు. కాలేజీ అటెండెన్స్ 75 శాతం అడుగుతుంది. ఇన్‌స్టాగ్రామ్ నూటికి నూరు అడుగుతుంది, దానికి కండొనేషన్ కూడా లేదు.

ఆ ఇన్‌స్టాగ్రామ్‌లోనే పబ్లిక్‌గా పెట్టిన పోస్టులని మెటా తన ఏఐ నేర్చుకోవడానికి వాడుతుందని 2024లో గట్టిగా తెలిసొచ్చాక, చాలామంది ఆర్టిస్టులు కారా అనే యాప్‌కి వెళ్ళిపోయారు. వారం రోజుల్లో నలభై వేల మంది ఉన్నచోట ఆరున్నర లక్షల మంది అయ్యారు. నేనూ వెళ్ళాను. అక్కడ ఆర్టిస్టులున్నారు. తెలుగు కవులు లేరు, కవర్ అడిగేవాళ్ళు లేరు. తిరిగొచ్చాను. చికాగో యూనివర్సిటీవాళ్ళు 2023లో తెచ్చిన గ్లేజ్ అనే టూల్ ఉంది, ఏఐకి మన శైలి సరిగ్గా పట్టుబడకుండా బొమ్మలో కంటికి పెద్దగా కనపడని మార్పులు చేస్తుంది. నా లాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు లేదు. ఒక్క బొమ్మకి అది పని చేస్తున్నంతసేపూ ఫ్యాన్ హోరుకి రూమ్మేట్ దుప్పటి ముసుగేసుకుని తిడుతుంది. తప్పించుకోవడానికి కూడా టైమూ డబ్బూ ఉండాలి.

2025 మార్చిలో అందరూ తమ ఫొటోలని జిబ్లీ బొమ్మలుగా మార్చుకున్నారు, గుర్తుందిగా. ఫ్యాసిజం మీద, పెట్టుబడి మీద, శ్రమదోపిడి మీద పేజీలకి పేజీలు రాసే మన కవులు కూడా మార్చుకున్నారు. ఆ తర్వాత నేను ఒక కవర్‌కి రెండు వేలు అడిగితే వచ్చిన జవాబు: "ఎందుకులేమ్మా, ఏఐలో వేయించుకుంటాను." సరే, వేయించుకోండి. శ్రామికుడి చెమట గురించిన కవితా సంపుటికి, ఎవరెవరి చెమటో అడక్కుండా ఎత్తుకొచ్చి తయారుచేసిన కవర్. ఆ సంపుటి మీద వచ్చిన సమీక్షల్లో ఒక్కరైనా ఆ మాట అన్నారా అని వెతికాను. అనలేదు. కవిత్వం ఏఐతో రాశారని తెలిస్తే ఇదే సాహిత్య లోకం ఊరుకునేదా?

ఇంత జరిగాక నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని, పరీక్షల తర్వాత వచ్చిన సెలవుల్లో 1957 కాపీరైట్ చట్టం కూర్చుని చదవడం. లాయర్‌ని కాదు, నాకర్థమైనంతే చెప్తున్నాను. ఉద్యోగంలో భాగంగా వేస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు, హక్కు యజమానిది. డబ్బిచ్చి ప్రత్యేకంగా వేయించుకున్న పెయింటింగో పోర్ట్రెయిటో అయితే, వేరే ఒప్పందం లేనప్పుడు, వేయించుకున్నవాళ్ళది. అది పదిహేడో సెక్షన్. ఈ రెండూ కాకపోతే హక్కు వేసినవాళ్ళదే. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. హక్కు ఇంకొకరికి రాసివ్వాలంటే కాగితం మీద ఉండాలి, "సరే అన్నయ్యా" అని మెసెంజర్‌లో పెట్టిన బొటనవేలు గుర్తు సరిపోతుందని నేననుకోను. అంటే, నాకు రూపాయి కూడా ఇవ్వకుండా వేయించుకున్న ఆ ఏడు బొమ్మలూ చట్టం ప్రకారం ఇప్పటికీ నావే. ఆ పుస్తకం కవర్‌గా వాడుకోమని ఇచ్చాను, కాదనను. బ్యానర్‌కి సాగదీసుకోమని ఇవ్వలేదు. ఆరో వేలు నేనివ్వలేదు.

యాభై ఏడో సెక్షన్ అయితే ఇంకా ముందుకెళ్తుంది. హక్కులు అమ్మేసుకున్నా సరే, ఇది నేను చేసింది అని చెప్పుకునే హక్కూ, పరువు పోయేలా దాన్ని పాడుచేస్తే అడిగే హక్కూ చేసినవాళ్ళకి ఉంటాయి. అమర్‌నాథ్ సెహగల్ అనే శిల్పి ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో చేసిన కుడ్యశిల్పాన్ని ప్రభుత్వం పీకి గోడౌన్‌లో పడేస్తే, ఆయన ఏళ్ళ తరబడి కోర్టులో కొట్లాడి 2005లో ఢిల్లీ హైకోర్టులో గెలిచాడు. ఐదు లక్షల నష్టపరిహారం ఇమ్మంది కోర్టు, మిగిలిన శిల్పం ముక్కలు ఆయనకి తిరిగి ఇచ్చేయమంది. ప్రభుత్వం మీదే గెలిచాడాయన. నేను కవిగారి మీద కేసు వేస్తానా? వేయను. నాకు ప్రాజెక్ట్ వైవా ఉంది. కానీ ఇది తెలిశాక మెసేజ్ రాసేటప్పుడు నా చెయ్యి వణకడం మానేసింది.

ఇప్పుడు నా ఫోన్‌లో ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. ఎవరడిగినా అదే పంపుతాను. "నమస్తే సార్" లేదా "నమస్తే మేడం" తో మొదలవుతుంది, అన్నయ్యా అని ఉండదు. కవర్‌కి ఇంత, లోపలి బొమ్మకి ఇంత, సగం ముందు. రెండు సార్లు మార్పులు చేస్తాను, మూడోసారికి వేరే. వివరాల పేజీలో పేరు ఉండాలి. ఏఐలో పెట్టకూడదు. నా పరీక్షల తేదీలు ఫలానా నుంచి ఫలానా దాకా, ఆ రోజుల్లో ఫోన్ ఎత్తను. నిజంగా డబ్బుల్లేని చిన్న పత్రిక అయితే మొదటి మెసేజ్‌లోనే లేవని చెప్పండి, నాకు నచ్చితే ఊరికే వేస్తాను, అది నా ఇష్టం మీద ఉంటుంది. మొదటిసారి ఇది టైప్ చేసి పంపడానికి నాకు గంటన్నర పట్టింది. పంపాక ఫోన్ దిండు కింద పెట్టేశాను.

ఈ నవంబరులో ఐదుగురికి పంపాను. ఇద్దరు చూసి ఊరుకున్నారు. ఒకాయన "కాలం మారిపోయిందమ్మా" అన్నారు. ఒక చిన్న పత్రికవాళ్ళు డబ్బులు లేవని నేరుగా చెప్పారు, కథ చదివాను, బావుంది, వాళ్ళకి వేస్తున్నాను. ఐదో ఆవిడ అనంతపురంలో టీచరు, ఇది మొదటి పుస్తకం. నా మెసేజ్‌కి జవాబుగా సగం డబ్బు యూపీఐలో పంపి, కింద ఒక్క ప్రశ్న రాశారు: "చివరి పరీక్ష ఏ రోజు?"

ఇరవై మూడు అని చెప్పాను. హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కి అందదు మేడం, అన్నాను. ఆ పుస్తకం జనవరిలో విజయవాడలో వస్తోంది.